ఎన్నో కార్బన్ మీద?

హైదరాబాద్‌లో ఎవరైనా ఊరు అడిగితే "ఇబ్రహీంపట్నం" అంటాను. "ఓ, ఇక్కడే కదా, సాగర్ రోడ్డు మీద!" అంటారు. కాదంటాను. "మరి విజయవాడ దగ్గరదా?" అదీ కాదు. మాది జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం. మెట్‌పల్లి దాటి గోదావరి వైపు పోవాలి. పసుపు, మక్క పండే ఊళ్లు. ఇదంతా చెప్పేలోపు అడిగినవాళ్లకి ఆసక్తి పోతుంది. ఒక్కోసారి లిఫ్ట్ కూడా వచ్చేస్తుంది.

ఈ తంతు జరిగినప్పుడల్లా నాకు ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ సార్ గుర్తొస్తాడు. పరీక్ష పేపర్లో ఎవరైనా ఉత్త "ప్రొపనాల్" అని రాసి వదిలేస్తే, ఎర్ర పెన్నుతో పక్కన ఒకే ప్రశ్న రాసేవాడు. "ఎన్నో కార్బన్ మీద?" మార్కులు మాత్రం వేసేవాడు కాదు.

మూడు కార్బన్ల గొలుసు ఒకటి ఊహించుకోండి. దానికి ఒక ఓహెచ్ తగిలించాలి. చివర తగిలిస్తే ప్రొపేన్-1-ఓల్. నడుమ తగిలిస్తే ప్రొపేన్-2-ఓల్. అవే పరమాణువులు, అదే లెక్క, అదే బరువు. కానీ మొదటిది 97 డిగ్రీల దగ్గర మరుగుతుంది, రెండోది 82 దగ్గరే మరుగుతుంది. ఆక్సీకరణం చేస్తే మొదటిది ఆల్డిహైడ్ మీదుగా ఆమ్లం దాకా పోతుంది, రెండోది కీటోన్ దగ్గర ఆగిపోతుంది. 2020లో మనం చేతులకు రాసుకున్న శానిటైజర్లలో కొన్నింట్లో ఉన్నది ఈ రెండోదే. పేరు చివర ఆ చిన్న అంకె లేకపోతే ఏ సీసాలో ఏముందో తెలియదు. ఇబ్రహీంపట్నాలకి కూడా అలా ఒక అంకె ఇచ్చి ఉంటే నాకు చాలా ఓపిక మిగిలేది.

నేను ఇంటర్ చదివింది కోరుట్లలో. ఆల్కహాల్స్ పాఠం మొదలుపెట్టిన రోజు సార్ బోర్డు మీద పాఠం పేరు రాసి, వెనక్కి తిరిగి, నన్ను చూసి నవ్వాడు. "ఈ పాఠం నాకన్న నీకే బాగ తెలవాలె గదరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆయనకి చెడు ఉద్దేశం ఏమీ లేదు, మంచి సారే. మేం గౌండ్లోళ్లమని, మా బాపు తాళ్లెక్కి కల్లు గీస్తాడని అక్కడ అందరికీ తెలుసు. నిజాన్నే సరదాగా అన్నాడు. కానీ పదిహేడేళ్ల వయసులో, క్రికెట్ బాల్‌తో కిటికీ పగలగొట్టినప్పుడు కూడా అంత ఇబ్బంది పడని నేను, ఆ రోజు తల దించుకుని నోట్సులో మార్జిన్ గీసుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత సార్ వర్గీకరణ చెప్పాడు. ఆల్కహాల్‌ని ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ అని మూడు రకాలు చేస్తారు. దేన్ని బట్టి? నేను ఘాటుని బట్టేమో అనుకున్నాను. కాదు. ఓహెచ్‌ని పట్టుకున్న కార్బన్‌కి పక్కన ఎన్ని కార్బన్లు ఉన్నాయో దాన్ని బట్టి. ఒకటి ఉంటే ప్రైమరీ, రెండుంటే సెకండరీ, మూడుంటే టెర్షియరీ. ఓహెచ్ అన్నింట్లోనూ ఒకటే. మారేది ఇరుగుపొరుగు. ఆ ఇరుగుపొరుగుని బట్టే అది ఎంత తొందరగా మారుతుంది, దేనికి లొంగుతుంది, దేనికి లొంగదు అన్నవి తేలతాయి.

నాలుగు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. వీటితో నాలుగు బ్యుటనాల్స్ చేయొచ్చు. మూడు మామూలు ద్రవాలు. నాలుగోది, మూడు మిథైల్ గుంపుల నడుమ ఓహెచ్ ఇరుక్కున్న టెర్షియరీ బ్యుటైల్ ఆల్కహాల్, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. చలికాలం పొద్దున ల్యాబ్‌లో ఆ సీసా వంపితే చుక్క రాలేదు. సీసాని అరచేతుల మధ్య పెట్టుకుని కాసేపు కూర్చుంటే కరిగింది. ఒళ్లు వేడికే కరిగే ఆల్కహాల్ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఈ మూడు రకాల్ని వేరు చేయడానికి లూకాస్ పరీక్ష ఉంది. హోవర్డ్ లూకాస్ అనే అమెరికన్ 1930లో ప్రచురించాడు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో జింక్ క్లోరైడ్ కలిపి ఆల్కహాల్‌లో పోస్తారు. టెర్షియరీ అయితే పోసీ పోయగానే తెల్లగా మసకబారుతుంది. సెకండరీకి ఐదు నిమిషాలు పడుతుంది. ప్రైమరీ మామూలు వేడిమి దగ్గర కదలదు, మెదలదు. మేం ముగ్గురం ఒక స్టాండు చుట్టూ నిలబడి చూశాం. నాకు ఆ పరీక్ష ఎందుకో మనుషుల గురించి చెప్తున్నట్టు అనిపించింది. ఒకే మాట పడితే కొందరు వెంటనే మసకబారతారు. కొందరు ఐదు నిమిషాల తర్వాత. నేను రెండేళ్ల తర్వాత.

కల్లు సంగతికి వస్తే, ఆ పాఠంలో సగం మా ఇంటి ముందు రోజూ జరిగేది. బాపు చీకటితోనే మోకు, ముత్తాదు, కత్తి తీసుకుని పోయేవాడు. గెల కొసని కత్తితో పల్చగా చెక్కి లొట్టి కట్టడం, నిండినది దింపడం. పొద్దున్నే దింపినది తియ్యగా ఉంటుంది. లొట్టిలోకి గాలి నుంచి, చెట్టు నుంచి, పాత లొట్టి గోడల నుంచి ఈస్టు, బ్యాక్టీరియా వచ్చి చేరతాయి. అవి చక్కెరని విరగ్గొట్టి ఇథనాల్ చేస్తాయి. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. పాఠంలో ఆ సమీకరణం చూసినప్పుడు నాకు లొట్టి మీద పొంగే నురుగు గుర్తొచ్చింది. ఆ 88 గ్రాములే ఆ నురుగు. లొట్టి లోపల సున్నం పూస్తే పులవదు, అది నీరా. ఎందుకు పులవదో బాపుకి తెలియదు, పులవదని తెలుసు. మా దగ్గర్లోని ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో మిగిలే మొలాసిస్‌ని పులియబెట్టినా వచ్చేది ఈ ఇథనాలే. మొలాసిస్‌కి డిస్టిలరీ కావాలి, కల్లుకి లొట్టి చాలు.

మధ్యాహ్నానికి కల్లు ఘాటెక్కుతుంది. సాయంత్రం దాటితే పుల్లబడుతుంది, మర్నాటికి ముక్కు దగ్గర పెట్టుకోలేం. ఇథనాల్ ప్రైమరీ ఆల్కహాల్ కాబట్టి ఆక్సీకరణం చెంది అసిటిక్ ఆమ్లం అయిపోయింది. తయారీ, ధర్మాలు, ఆక్సీకరణం, అన్నీ ఒక్క లొట్టిలో ఒక్క రోజులో. సార్ అన్నది అక్షరాలా నిజమే. ఆ పాఠం నాకే బాగా తెలియాలి. తెలిసినా చెప్పలేదు, ఎందుకంటే చెప్తే మళ్లీ నవ్వుతారు.

నా పక్కన కూర్చునే దోస్తుది సిరిసిల్ల. మేనత్త ఇంట్లో ఉండి కోరుట్లలో చదువుకునేవాడు. వాళ్ల బాపు సాంచెల మీద పాలిస్టర్ బట్ట నేసేవాడు. ఎస్టర్ల దగ్గరికి వచ్చాక సార్ చెప్పాడు. ఆల్కహాల్, ఆమ్లం కలిసి నీళ్లు వదిలేస్తే ఎస్టర్. రెండు ఓహెచ్‌లున్న ఇథిలీన్ గ్లైకాల్‌ని రెండు ఆమ్ల గుంపులున్న టెరిఫ్తాలిక్ ఆమ్లంతో కలిపితే రెండు చివరలా చేతులు పట్టుకుంటూ పోతుంది, అదే పాలిస్టర్. మా వాడు లేచి నిలబడి, "సార్, అంటే మా బాపు నేసేది గూడ ఆల్కహాలే గద" అన్నాడు. క్లాస్ మళ్లీ నవ్వింది. వాడు మాత్రం అందరికన్నా గట్టిగా నవ్వి కూర్చున్నాడు. వాడిలా నాకెందుకు చేతకాలేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ పాఠంలో నాకు అన్నింటికన్నా నచ్చింది పేర్లు. ప్రతి ఆల్కహాల్‌కి రెండు పేర్లుంటాయి. ఒకటి వాడుక పేరు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తుంది. కట్టెని గాలి లేకుండా కాల్చితే వచ్చేది కాబట్టి మిథనాల్‌ని వుడ్ స్పిరిట్ అన్నారు. అమైల్ ఆల్కహాల్‌లో అమైల్ అంటే పిండిపదార్థం. అసలు ఆల్కహాల్ అన్న మాటే అరబీ "అల్ కుహుల్". కంటికి పెట్టుకునే సుర్మా. మెత్తగా నూరిన పొడికి వాడిన మాట, క్రమంగా ఏ వస్తువు సారానికైనా పేరైంది. 16వ శతాబ్దంలో పారాసెల్సస్ దాన్ని ద్రాక్షసారా సారానికి వాడాడు. రంజాన్‌కి మా ఊళ్లో కళ్లకి పెట్టుకునే సుర్మా, బాపు లొట్టిలో ఉన్నదీ ఒకే మాట.

రెండోది శాస్త్రీయ నామం. ఎక్కడి నుంచి వచ్చిందో దానికి అక్కర్లేదు. ఎలా కట్టి ఉందో మాత్రమే చెప్తుంది. ఎన్ని కార్బన్లు, ఎన్నో దాని మీద ఓహెచ్. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రజ్ఞులు కూర్చుని ఈ పద్ధతికి పునాది వేశారు. ఆల్కహాల్ పేరు చివర "ఓల్" అని ఉండాలన్నది అప్పుడే స్థిరపడింది. అంతకుముందే పేర్లూ లెక్కలూ ఎంత దూరం పోయాయంటే, సెకండరీ, టెర్షియరీ ఆల్కహాల్స్ ఉండి తీరాలని కోల్బె 1860లోనే ఊహించాడు. అప్పటికి ఎవరూ వాటిని చూడలేదు. 1864లో బుట్లెరోవ్ టెర్షియరీ బ్యుటైల్ ఆల్కహాల్ తయారు చేసి చూపించాడు. ముందు గడి, తర్వాత అందులో కూర్చునే వస్తువు.

మనుషులకీ రెండు పేర్లే. ఊళ్లో నేను ఫలానా గౌడు కొడుకుని. ఆఫీసులో ఐడీ కార్డు మీద ఇంటి పేరు ముందు, అసలు పేరు వెనక, కింద ఎంప్లాయీ నంబరు. మొదటి పేరు ఎక్కడి నుంచి వచ్చానో చెప్తుంది. రెండోది ఎక్కడ తగిలించారో చెప్తుంది. రెండూ కావాలి. ఒకదాన్ని దాచడానికి రెండోదాన్ని వాడితేనే తంటా.

2007లో నేను ఇంజనీరింగ్ సెకండియర్. సెలవులకి ఊరొచ్చాను. జగిత్యాలలో ఉండే క్లాస్‌మేట్ ఒకడు బైక్ మీద నన్ను చూడ్డానికి వచ్చాడు. బాపు పొద్దుటి గీతకి పోయాడు. ఎనిమిదింటికి కబురొచ్చింది, చెట్టు మీంచి పడ్డాడని. ముందు రాత్రి వాన పడింది, మోకు తడిసి జారింది. తుంటి ఎముక విరిగింది. జగిత్యాలలో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాం. స్పిరిట్ వాసన, దూది, బాపు మూలుగు. నర్సు ఒక ఫారం ఇచ్చి నింపమంది. పేరు, వయసు, వృత్తి, దెబ్బ ఎలా తగిలింది.

క్లాస్‌మేట్ నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు. మంచివాడు, డబ్బులు కూడా వాడే కట్టాడు. కాలేజీలో నేను అందరికీ మా బాపు వ్యవసాయం చేస్తాడని చెప్పాను. ఊళ్లో కబురు తెచ్చినవాడు "పడ్డడు" అని మాత్రమే అన్నాడు, ఎక్కడి నుంచో అనలేదు. నేను వృత్తి దగ్గర "వ్యవసాయం" అని రాశాను. దెబ్బ ఎలా తగిలింది అన్న దగ్గర "మేడ మీది నుండి పడుట" అని రాశాను. చేయి వణకలేదు కూడా.

మిథనాల్‌కీ ఇథనాల్‌కీ తేడా ఒక్క కార్బన్. రంగులో తేడా ఉండదు. మన కాలేయంలో ఉన్న ఎంజైము ఆ రెండింటినీ ఒకే తీరుగా ఆక్సీకరణం చేస్తుంది. ఇథనాల్ అయితే చివరికి అసిటిక్ ఆమ్లం, ఒళ్లు దాన్ని వాడుకుంటుంది. మిథనాల్ అయితే ఫార్మాల్డిహైడ్, ఆ తర్వాత ఫార్మిక్ ఆమ్లం. అది కంటి నరాన్ని తింటుంది. కల్తీ సారా తాగి చూపు పోయిందని పేపర్లో చదివేది దీని గురించే. తాగిన వెంటనే ఏమీ తెలియదు. గంటలు గడిచాక, ఒక్కోసారి ఒక రోజు గడిచాక బయటపడుతుంది.

నేను రాసిన మాట ఏడెనిమిది నెలలకి బయటపడింది. చెట్టు మీంచి పడి పని చేయలేకపోయిన గీత కార్మికులకి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. సొసైటీ వాళ్లు బాపు కాగితాలు పెట్టారు. ఆసుపత్రి కాగితంలో మేడ మీంచి పడ్డట్టు ఉందని తిప్పి పంపారు. వాళ్ల తప్పు కాదు, కాగితంలో ఉన్నదే వాళ్లు చదివారు. ఆ ఫారం ఎవరు నింపారని బాపు అడిగాడు. మంచంలో పడుకుని ఉన్నాడు, కాలు ఇంకా సరిగా ఆనదు.

"నేనే బాపూ."

"ఏమని రాసినవ్ బిడ్డా?"

"మేడ మీదికెల్లి పడ్డవని."

కాసేపు పైన వాసాలకేసి చూశాడు. మాది పెంకుటిల్లు.

"మనకు మేడ ఏడిదిరా?" అన్నాడు.

అంతే. తిట్టలేదు. అవ్వ మాత్రం వంటింట్లోంచి బయటికి వచ్చి నా మొహం చూసి మళ్లీ లోపలికి పోయింది. ఆ డబ్బు రాలేదు. మిగతా రెండేళ్ల చదువుకి బాకీ చేశారు. ఆ బాకీ నా మొదటి ఉద్యోగం జీతంలోంచి తీర్చాను. కానీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం మాత్రం నాకు కుదరలేదు.

బాపు మళ్లీ చెట్టెక్కలేదు. మా దగ్గర కల్లు మాత్రం ఆగలేదు. చెట్లు తగ్గినా కల్లు తగ్గకపోవడమే విచిత్రం. తెలంగాణలో చాలా చోట్ల కల్లు పేరుతో అమ్మింది నీళ్లు, చక్కెర పదార్థాలు, అందులో డైజిపాం, అల్ప్రాజోలం, లేదంటే క్లోరల్ హైడ్రేట్. 2015లో కల్తీ మీద కట్టడి పెరిగితే, అది దొరక్క నిజామాబాద్ వైపు జనం వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రులకి వచ్చారు. క్లోరల్ హైడ్రేట్ గురించి తర్వాత చదివి ఆశ్చర్యపోయాను. దాని పుట్టుక ఇథనాల్ నుంచే. లీబిగ్ 1832లో ఆల్కహాల్‌లోకి క్లోరిన్ పంపి క్లోరల్ చేశాడు, దానికి నీళ్లు చేరితే క్లోరల్ హైడ్రేట్. అందులో ఒకే కార్బన్ మీద రెండు ఓహెచ్‌లుంటాయి. మామూలుగా అలా రెండు ఒకే చోట నిలవవు, నీళ్లు వదిలేసి విడిపోతాయి. పక్కనున్న కార్బన్ మీద మూడు క్లోరిన్లు ఉండబట్టి ఇది నిలబడింది. మళ్లీ ఇరుగుపొరుగే. ఒంట్లోకి పోయాక అది ట్రైక్లోరోఇథనాల్ అవుతుంది, మనిషిని మత్తులో పడేసేది అది. లెక్కప్రకారం అదీ ఒక ప్రైమరీ ఆల్కహాలే.

బాపుకి ఈ కెమిస్ట్రీ చెప్పాలని చూశాను. ఓపిగ్గా విని, "నీళ్లల్ల మందు కలిపి కల్లంటాండ్లు. కల్లు గాదు అది" అన్నాడు. ఆయన కోపం మందు మీద కన్నా పేరు మీదే ఎక్కువ. సీసా మీద తప్పు పేరు రాసినవాళ్లని తిడుతుంటే నేను తల దించుకున్నాను.

నేను పుస్తకాల మీద అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాస్తుంటాను. ప్రిమో లేవీ "ది పీరియాడిక్ టేబుల్" మీద రాయాలని చాలాసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఆయన కెమిస్టు. 21 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక్కో మూలకం పేరు. చివరిది కార్బన్. ఒక కార్బన్ పరమాణువు సున్నపురాయిలోంచి గాలిలోకి, ద్రాక్షాకులోకి, వైన్‌లోకి, తాగినవాడి ఒంట్లోకి పోతుంది. చదివిన ప్రతిసారీ నాకు ద్రాక్షతోట కనపడదు. తాటి గెల కనపడుతుంది, దాని కింద లొట్టి, దాని పక్కన కత్తి పట్టుకున్న చెయ్యి. సమీక్ష ముందుకి సాగదు. ఇప్పుడు రాస్తున్నది దాని బదులే అనుకోండి.

2015లో ఆసరా పింఛన్ల కోసం ఊళ్లో దరఖాస్తులు తీసుకుంటున్నారని అవ్వ ఫోన్ చేసింది. 50 ఏళ్లు నిండిన గీత కార్మికులకి కూడా ఇస్తారు. "నువ్వే వచ్చి నింపు" అంది. ఆ "నువ్వే" లో ఏముందో ఇద్దరికీ తెలుసు. శుక్రవారం రాత్రి బస్సెక్కాను. ఎనిమిదేళ్ల తర్వాత బాపు కోసం మళ్లీ ఒక ఫారం నా ముందు.

అరుగు మీద కూర్చుని నింపాను. పేరు. తండ్రి పేరు. గ్రామం. మండలం ఇబ్రహీంపట్నం. వృత్తి దగ్గరికి వచ్చి "కల్లు గీత" అని రాశాను. బాపు చేతికర్ర పక్కన పెట్టి నా వైపు వంగాడు.

"ఏం రాసినవ్?"

"కల్లు గీత."

"ఉత్త గీత అంటె ఎట్ల తెలుస్తది? తాడో ఈతో రాయి."

ఆ గడిలో అంత చోటు లేదు. అలాంటి వివరం ఎవరూ అడగలేదు కూడా. అయినా పెన్ను పట్టుకుని పక్క మార్జిన్‌లో సన్నగా "తాటి చెట్లు" అని రాశాను.

"ఎన్నేండ్లెక్కిననో గూడ రాయి."

అదీ రాశాను. 24 ఏళ్లు.

"ఇగ సదువు."

చదివాను. పేరు, ఊరు, మండలం, పని, చెట్టు, ఏళ్లు. కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆ, గది" అన్నాడు.